డిసెంబర్‌లో అరకు రోడ్డు: ఎక్కడ ఆగాం, ఎక్కడ ఆగకుండా ఉండాల్సింది

విశాఖ నుంచి అరకు, అక్కణ్ణుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగి మళ్లీ విశాఖ. డిసెంబర్ రెండో వారంలో మూడు రోజులు మా కారులో తిరిగొచ్చాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అత్తయ్య. బోర్డు కనిపించిన ప్రతిచోటా దిగాలని మావాడి పంతం, ఎక్కడా ఆగకుండా గదికి పోయి రగ్గు కప్పుకోవాలని మా ఆయన పంతం. ఇద్దరి మధ్యా పడి మొత్తం పద్నాలుగో పదిహేనో చోట్ల ఆగాం. వాటిలో సగం చోట్ల కారు దిగకపోయినా ఏమీ పోయేది కాదు. మిగతా సగం కోసం వచ్చే ఏడు మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను. మేం ఎక్కడెక్కడ టైము, డబ్బు పారేసుకున్నామో చెబితే ఈ నెలలో బయల్దేరేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ఉదయం ఐదుకే విశాఖ దాటాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట (శృంగవరపుకోట). కొండ ఎక్కేముందు పెట్రోలు, టిఫిను రెండూ ఎస్.కోటలోనే కానిచ్చేయండి. తాటిపూడి జలాశయం దగ్గర పది నిమిషాలు ఆగాం. నీళ్ల మీద పల్చగా మంచు, జనం లేరు, బాగుంది. అది గోస్తని మీద కట్టింది. ఈ నది పేరు గుర్తుపెట్టుకోండి, పైన మళ్లీ వస్తుంది.

ఘాట్ మొదలయ్యాక వ్యూపాయింట్ అన్న మాట మీదే నాకు నమ్మకం పోయింది. డముకు దగ్గర ఆగాం. లోయ అందంగానే ఉంది, కాదనను. కానీ లోయకీ మనకీ మధ్య మొక్కజొన్న పొత్తుల బండ్లు, ఫొటోల కోసం ఎర్ర గుండె ఆకారంలో కట్టిన ఊయల, దాని ముందు క్యూ, రోడ్డు మీదే అడ్డదిడ్డంగా ఆపిన కార్లు. మలుపులో కారు ఆపి దిగే మహానుభావులకి ఒక దండం, వెనక నుంచి వచ్చే లారీవాడికి మీరు కనపడరు బాబూ. గాలికొండ వ్యూపాయింట్ ఇంకా చాలా ఎత్తులో ఉంటుంది, నేను ఎక్కువ ఆశలు పెట్టుకున్నది దాని మీదే. మేం చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఎదురుగా తెల్లటి పొగ, అంతే. మబ్బు కూడా కాదు, ఎండపూట లేచే మసక. అత్తయ్య కాసేపు కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఏటమ్మా, పొగ చూడ్డానికా ఇంత దూరం వొచ్చాం" అంది. టీ మాత్రం వేడిగా ఉంది. ఆ చోటు తప్పేం లేదు, మేం వెళ్లిన వేళ తప్పు. ఈ దారిలో ఏ కొండచివరైనా పొద్దున తొమ్మిదిలోపే. ఆ తర్వాత ఆగితే టీ కోసం ఆగినట్టే అనుకోండి.

ఇక బొంగు చికెన్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి మోసపోయాం. అసలు పద్ధతి ఏంటంటే, పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకు దోపి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. పచ్చి బొంగులో ఉండే తేమకే ముక్క ఉడుకుతుంది. అంటే బొంగు పచ్చిదయి ఉండాలి, నిప్పు మంటలా కాకుండా కణకణలాడే బొగ్గులా ఉండాలి, అరగంటైనా ఓపిక పట్టాలి. మేం మొదట ఆగిన దుకాణంలో ముందే సగం నల్లగా కాలిన బొంగులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. "పది నిమిషాలు సార్" అన్నాడు. నిజంగానే పది నిమిషాల్లో ఆకులో ఒంపాడు, పైముక్కలు బాగున్నాయి, అడుగు ముక్కల్లో ఎముక దగ్గర ఇంకా గులాబీ రంగు. మళ్లీ కాల్చమంటే విసుక్కున్నాడు. తూకం ఎప్పుడు వేశాడో కూడా మేం చూడలేదు. అదీ మా తప్పే. మర్నాడు అరకు దాటాక ఒక భార్యాభర్తల గుడిసె దగ్గర మా కళ్లముందే కోడిని తూచి, బొంగు నరికి, ముప్పావుగంట కూర్చోబెట్టారు. మావాడు ఆ ముప్పావుగంటా నిప్పు దగ్గర్నుంచి కదల్లేదు. అడ్డాకులో పోసిన ఆ చికెన్ వాసన ఇంకా నా స్వెట్టర్లో ఉంది, ఉతికినా. కాబట్టి ముందే కాల్చి పెట్టిన బొంగు కనిపిస్తే బండి ఎక్కేయండి. మీ ముందు కూరితేనే కూర్చోండి.

మెయిన్ రోడ్డు వదిలి బొర్రా గుహల వైపు తిరగాలా వద్దా అని మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. మా ఆయన కాలేజీ రోజుల్లో చూసేశాడట. తిరిగాం. మొత్తం ప్రయాణంలో డబ్బులిచ్చి టికెట్ కొన్నందుకు బాధపడని చోటు ఇదొక్కటే. ఫొటోల్లో చూస్తే రంగురంగుల లైట్లు వేసిన రికార్డింగ్ డ్యాన్సు స్టేజీలా ఉంటుంది, నేనూ అలాగే అనుకున్నా. లోపలికి దిగాక ఆ లైట్లని మర్చిపోతారు. వాన నీళ్లు సున్నపురాయిని కరిగించుకుంటూ కిందికి దిగి, చుక్క చుక్కగా కారుతూ, ఆ కరిగిన సున్నాన్నే మళ్లీ పేర్చుకుంటూ పోతే పైనుంచి వేలాడేవీ, కిందినుంచి లేచేవీ తయారయ్యాయి. ఇదంతా పుస్తకంలో మావాడు చదివిందే. కానీ నెత్తిమీద ఒక చుక్క టప్పున పడేసరికి పైకి చూసి "అమ్మా, ఇది ఇంకా అవుతూనే ఉందా?" అన్నాడు. అవును నాన్నా, అవుతూనే ఉంది.

ఆవు కథ అక్కడ అందరూ చెబుతారు. మేతకొచ్చిన ఆవు పైనున్న కన్నంలోంచి లోపల పడిందట, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి గుహలో శివలింగం కనిపించిందట. గోస్తని అన్న పేరు కూడా ఆ ఆవు పొదుగు నుంచి వచ్చిందేనంటారు. పొద్దున తాటిపూడిలో చూసిన నీళ్లు ఇక్కణ్ణుంచి వెళ్లినవే అని చెబితే అత్తయ్య అక్కడికక్కడే చేతులు జోడించింది. ఆ గుహల మీదుగానే రైలు పోతుంది, కొత్తవలస నుంచి కిరండూల్ లైను, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి దిగేది ఈ లైన్లోనే. ఒక ఇబ్బంది, మెట్లు. దిగడం బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. తడికి జారతాయి కూడా. అత్తయ్య సగం దాకా వచ్చి ఒక బండ మీద కూర్చుండిపోయింది. శివలింగం దాకా ఇనప మెట్లు ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవాళ్ల వల్ల కాదు. బయట కోతులుంటాయి, చేతిలో కవరు కనిపిస్తే లాక్కుపోతాయి, మా జామకాయలు అలాగే పోయాయి. స్వెట్టర్లు కారులో వదిలేయండి, లోపల జనానికి ఉక్కపోస్తుంది.

కటికి జలపాతానికి జీపువాళ్లు వెంటపడ్డారు. ఒక బండి దిగి వస్తున్నవాళ్ల మొహాలు చూసి వద్దనుకున్నాం. నడుములు పట్టుకుని దిగుతున్నారు. కుర్రాళ్లయితే వెళ్లండి.

నన్నడిగితే అసలైన చోటు అనంతగిరి, సుంకరమెట్ట మధ్య కాఫీ తోటలు. దానికి ఆర్చీ అక్కర్లేదు, సెల్ఫీ బోర్డూ అక్కర్లేదు. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటిని చుట్టుకుని మిరియాల తీగ, కింద నీడలో కాఫీ మొక్కలు. డిసెంబర్ అంటే కోత రోజులు, కొమ్మల నిండా ఎర్రటి పళ్లు. ఆడవాళ్లు బుట్టలు నడుముకి కట్టుకుని ఎర్రబడిన పండునే ఏరి కోస్తున్నారు, పచ్చివి వదిలేస్తున్నారు. అంటే ఒకే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలన్నమాట. ఒకావిడ మావాడి చేతిలో రెండు పళ్లు పెట్టింది. నోట్లో వేసుకుంటే పైతోలు తియ్యగా ఉంది, లోపల జిగురు, ఆ జిగురులో రెండు గింజలు. కాఫీ వాసన మచ్చుకైనా లేదు. ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తుందని వాడికి అనుమానం. వేయించాక వస్తుందని చెప్పి ఊరుకున్నా, నాకు తెలిసింది అంతే. రోడ్డు పక్క ఇళ్ల ముందు టార్పాలిన్ల మీద గింజలు ఆరబోసి ఉన్నాయి. అరకు అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, పారిస్‌లో ఈ కాఫీకి కొట్టే ఉంది. ఆ కాఫీ బయల్దేరేది ఈ టార్పాలిన్ మీంచే. సుంకరమెట్టలో తోట మధ్య చెక్క వంతెన ఒకటి కట్టారు, బాగుంది, కానీ దాని మీద జనం ఎక్కువ. అది దాటి ఒక కిలోమీటరు పోయి, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట కారు ఆపి తోట అంచున నిలబడితే అదే నీడ, అదే చలి, చప్పుడు లేదు. అడక్కుండా తోటలోకి దూరకండి. అది ఎవరో ఒకరి బతుకుతెరువు.

అరకులో గది గురించి పేరు చెప్పను. వేడినీళ్లు ఇరవై నాలుగ్గంటలూ అన్నారు, వచ్చింది పొద్దున ఆరు నుంచి ఏడు. మేం ఆ టైముకి కొండమీదున్నాం. గది మాట్లాడుకునేటప్పుడు వేడినీళ్లు ఎన్ని గంటలకు వస్తాయని అడగండి, వస్తాయా అని అడిగితే అందరూ వస్తాయనే అంటారు.

ఊళ్లో ఉన్నవి తొందరగా చెప్పేస్తా. గిరిజన మ్యూజియం పిల్లలుంటే గంటసేపు బాగుంటుంది. కాఫీ మ్యూజియంలో చాక్లెట్లు బాగున్నాయి, మ్యూజియం పర్లేదు. పద్మాపురం గార్డెన్స్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి వేసిన తోటట. ఆ సంగతి తెలిశాక దాన్ని వేరేగా చూశాను. లేకపోతే బొమ్మరైలు ఉన్న మామూలు పార్కే. చాపరాయి దగ్గర నీళ్లు ఏటవాలు బండ మీద పరుచుకుని పోతుంటాయి, చూడ్డానికి చాలా మెత్తగా, పిల్లల జారుడుబల్లలా కనపడుతుంది. అక్కడే ప్రమాదం. ఆ బండ పాచి పట్టి ఉంటుంది, నీళ్లల్లో పోయినవాళ్లున్నారు. పైన ఒడ్డున కూర్చుని కాళ్లు తడుపుకుని వచ్చేయండి.

వలిసె పూల సంగతి. నవంబర్, డిసెంబర్‌లో అరకు చుట్టూ పొలాలు పసుప్పచ్చగా మారిపోతాయి. కొందరు అవి పొద్దుతిరుగుడు అనుకుంటున్నారు, కాదు, వలిసె నూనెగింజ. ఫొటోలకి పొలంలో దిగాలంటే రైతులు మనిషికి పదో ఇరవయ్యో తీసుకుంటున్నారు. మా వెనక కారులో ఒకాయన "పూలు చూడ్డానిక్కూడా డబ్బులా" అని గొడవపెట్టుకున్నాడు. ఇవ్వాలి కదండీ మరి. వందమంది దిగి తొక్కితే గింజ ఏం మిగులుతుంది? గట్టు మీద నిలబడి చూస్తే ఎవరూ అడగరు, నిజానికి అక్కణ్ణుంచే ఫొటో బాగా వస్తుంది.

రెండోరోజు తెల్లారకముందే మాడగడ కొండ. పైన ఎముకలు కొరికే చలి, నేను పుట్టి పెరిగింది విజయవాడలో, చలి అంటే ఫ్యాను ఒకటో నంబరు మీద పెట్టుకోవడమే నాకు. రెండు స్వెట్టర్లు, ఒక శాలువా కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆరుంపావు ప్రాంతంలో ఎరుపు తిరిగింది, అప్పుడు కనపడింది కింద. లోయ లేదు. పాలు పొంగినట్టు మబ్బు, అందులోంచి కొండల తలలు మాత్రం లేచి ఉన్నాయి, దీవుల్లాగా. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేకపోతే నేల చల్లబడి, బరువైన చల్లగాలి లోయలోకి దిగి, అక్కడున్న తడి పొగమంచుగా మారుతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది కాబట్టి అది పైకి రాలేదు. మనం మూత పైన నిలబడతాం, అంతే సంగతి. ఎండ ముదిరేకొద్దీ చిరుగులు పడి ఎనిమిదిన్నరకల్లా కింద ఊళ్లు, రోడ్లు కనపడ్డాయి. అప్పుడే పైకి వస్తున్నవాళ్లు "ఏదండీ మబ్బు?" అని మమ్మల్నే అడిగారు. అక్కడ గిరిజన మహిళలు థింసా నృత్యం ఆడతారు, చేతులు వెనకనుంచి అల్లుకుని వరసగా. మనల్నీ కలుపుకుంటారు. అత్తయ్య కలిసింది! రెండు చుట్లు తిరిగి నవ్వలేక బయటికి వచ్చింది. డబ్బులివ్వండి, బేరమాడకండి.

మూడోరోజు వంజంగి కొండ. పాడేరు దగ్గర. మాడగడకి కారు పైదాకా వెళ్లింది, ఇక్కడ నడవాలి. నాలుగున్నరకి టార్చి వేసుకుని మొదలుపెట్టాం, మాకు గంట పట్టింది, ఎర్రమట్టి, రాళ్లు, కొన్నిచోట్ల చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కాలి. అత్తయ్యని కింద ఒక టీ దుకాణం దగ్గర నెగడు ముందు కూర్చోబెట్టాం, ఆ దుకాణం ఆవిడ "ఈ ముసిలమ్మని నేను చూసుకుంటాను, మీరు ఎల్లండి" అని తరిమింది. పైకి ఎక్కాక ఒక్కటే మాట, మాడగడ దీనిముందు పెరట్లో చెరువు. నాలుగువైపులా మబ్బే. కానీ ఆదివారం వెళ్లకండి. జనం ఎంతమందంటే సూర్యుడు వచ్చేసరికి అందరూ ఒక్కసారి కేకలేశారు, మ్యాచ్‌లో సిక్స్ కొట్టినట్టు. ఎవరో బ్లూటూత్ స్పీకర్ కూడా మోసుకొచ్చాడు. అంత చలిలో, అంత చీకట్లో, అంత ఎత్తుకి ఆ డబ్బా మోయాలన్న ఆలోచన ఎలా వస్తుందో నాకర్థం కాదు. తాగి పడేసిన సీసాలు, చిప్స్ కవర్లు దారిపొడవునా ఉన్నాయి. దిగివచ్చేసరికి అత్తయ్య చోడి (రాగి) అంబలి తాగి, టీ దుకాణం ఆవిడ ఇంటి కష్టసుఖాలన్నీ తెలుసుకుని, ఇంకో గంట ఆగినా పర్లేదంది.

అక్కణ్ణుంచి చింతపల్లి మీదుగా లంబసింగి. స్థానికులు లమ్మసింగి అంటారు, కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట. ఇక్కడ నా ఫిర్యాదు ఊరి మీద కాదు, దాన్ని ఆంధ్రా కశ్మీర్ అని అమ్ముతున్నవాళ్ల మీద. మంచు కురుస్తుందనుకుని మావాడు గ్లౌజులు వేసుకు కూర్చున్నాడు. కశ్మీర్‌లో కురిసే మంచు వేరు, ఇక్కడి పొగమంచు వేరు. మేం చేరింది పదకొండు గంటలకి, అప్పటికి ఎండ చుర్రుమంటోంది, పొగమంచు ఆనవాలు కూడా లేదు. రోడ్డుకి రెండువైపులా గుడారాలు, నూడుల్స్ బండ్లు, ట్రాఫిక్ జాము. ఒక రాత్రి అక్కడే ఉండి తెల్లారుజామున చెరువులవేనం ఎక్కేవాళ్లకి సరే. మధ్యలో ఒక గంట ఆగిపోదామంటే మాత్రం దండగ. స్ట్రాబెర్రీ తోట దగ్గర ఆగాం, డబ్బా కొన్నాం, పైన పెట్టినవి ఎర్రగా పెద్దవి, కిందవి అన్నీ పుల్లటివి. ఆ సంగతి కారెక్కాక తెలిసింది. తోటలోకి వెళ్లి మనమే కోసుకునేవీ ఉన్నాయి, అలా తీసుకోండి.

నర్సీపట్నం వైపు ఘాట్ దిగుతుంటే అత్తయ్య వాళ్ల నాన్నగారు చెప్పే అల్లూరి కథలు మొదలుపెట్టింది. ఈ కొండల్లో ఘాట్ రోడ్డు పనికి చాలీచాలని కూలి ఇచ్చి గిరిజనులని పీడించడం 1922 పితూరీకి, అంటే తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఒకటి. మేం టీ తాగి వచ్చిన చింతపల్లిలోనే ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదటి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయాడు. ఇప్పుడు ఆ జిల్లాకే ఆయన పేరు. చింతపల్లిలో ఆగినప్పుడు ఈ మాట గుర్తొచ్చి ఉంటే ఆ స్టేషన్ ముందు ఒక్క నిమిషం నిలబడేవాళ్లం. నాకూ గుర్తులేదు, మా ఆయనకీ లేదు. స్ట్రాబెర్రీలకి పెట్టిన అరగంట దానికి పెట్టాల్సింది.

నడిపేవాళ్లకి రెండు మాటలు. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఉంచండి, బ్రేకు మీదే కాలు పెట్టుకు కూర్చుంటే కాలిన వాసన వస్తుంది, మాకు వచ్చింది, ఇరవై నిమిషాలు ఆపాల్సి వచ్చింది. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు, లోబీమ్‌లోనే వెళ్లండి, మలుపు మలుపుకీ హారన్ కొట్టండి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే దించుకోండి. నోట్లు, చిల్లర దగ్గరుంచుకోండి. పిల్లలకి వాంతులైతే నిమ్మకాయ వాసన చూపించండి, మావాడికి అదే పనిచేసింది.

అన్నట్టు, సుంకరమెట్ట దగ్గర అరకిలో వేయించిన కాఫీ గింజలు కొన్నాను. ఇంట్లో మిక్సీలో వేసి ఫిల్టర్లో పోస్తే గంటైనా డికాషన్ దిగడం లేదు, పొడి మరీ మెత్తగా అయిపోతోందో ఏమో. మిక్సీలోనే బరకగా ఆడించే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇంకా పావుకిలో మిగిలుంది.